కోతులు బ్యాగులు చింపేసాయి, లోపల తెల్ల బూజు ముక్కలైపోయింది. మళ్ళీ బతుకుతుందా?

వరిగడ్డి_వసంత
అడివివరంలో మా మేడ మీద చిన్న షెడ్డు వేసుకుని ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నా. ఫ్లోరిడా రకం, పన్నెండు బ్యాగులు, అన్నీ ఉట్టిలా వేలాడదీసా. గడ్డిలో విత్తనం, అంటే గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు, వేసి ఇవాళ్టికి 14 రోజులు. ముప్పావు వంతు తెల్లగా అల్లుకుపోయింది, ఇంకో నాలుగైదు రోజుల్లో మొగ్గలు బయటికొచ్చేలా కవర్లకి గాట్లు పెట్టేద్దాం అనుకుంటున్నా. పొద్దున్న కొండ మీంచి కోతుల మంద దిగింది. షేడ్‌నెట్ చింపి లోపలికొచ్చి మూడు బ్యాగులు లాగి కింద పడేసాయి.

ఒకటైతే పూర్తిగా విప్పేసి గడ్డంతా పీకి పెట్టాయి. మిగతా రెండిటికీ కవరు చిరగలేదు గానీ లోపల దిమ్మ విరిగిపోయింది. నిన్నటిదాకా గట్టిగా ఇటుకలా ఉండేది, ఇప్పుడు నొక్కితే గడ్డి విడివిడిగా కదులుతోంది. తెల్లదనం కూడా సగం మాయమైపోయింది, అదే నా భయం. ఆ దారాలన్నీ తెగిపోయాక చచ్చిపోతాయా? లేక తెగిన దారం మళ్ళీ అతుక్కుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, డ్వాక్రా అప్పు తీసుకుని మొదలుపెట్టిన పని ఇది.

గాజువాక_గురూ
మూడూ తీసి దూరంగా పారెయ్యండి. ఒక్కదానికి పచ్చ బూజు వచ్చిందంటే మిగతా తొమ్మిదీ పోతాయి. నేను రెండేళ్ళు చేసా, అనుభవంతో చెప్తున్నా.

బీచ్‌రోడ్డు_బాబాయ్
పారెయ్యకమ్మా వసంతా, కంగారు పడకు. విత్తనం తయారుచేసే చోటికి ఎప్పుడైనా వెళ్ళావా? జొన్న గింజల సీసాలో బూజు మూడోవంతు పాకగానే సీసాని చేత్తో గట్టిగా కొట్టి కుదుపుతారు. గింజలన్నీ విడిపోతాయి. నువ్వు చెప్పినట్టే ఆ రోజు తెల్లదనమంతా మాయం. రెండు మూడు రోజులు తిరిగేసరికి సీసా మొత్తం పాలు పోసినట్టు తెల్లగా ఐపోతుంది. కుదపని సీసా కంటే కుదిపినదే ముందు నిండుతుంది. కోతులు నీకు అదే పని చేసిపెట్టాయి, కూలి అడక్కుండా.

చిరగని రెండు బ్యాగుల్నీ మళ్ళీ గట్టిగా అదిమి కట్టి వేలాడదియ్యి. విప్పేసిన దాని సంగతి వేరు, అది గాలి తగిలింది, కోతి చెయ్యి తగిలింది.

అప్పుఘర్_అబ్బాయి
కార్తీకమాసం కదా, కోతులు కూడా పుట్టగొడుగులు ముట్టకుండా వెళ్ళిపోయాయి 🙂

గాజువాక_గురూ
బాబాయ్ గారూ, సీసా వేరు బ్యాగు వేరు. సీసాలో గింజలు ప్రెషర్‌లో ఉడికి శుభ్రంగా ఉంటాయి. ఇక్కడ గడ్డి వేణ్ణీళ్ళలో ముంచి తీసిందే కదా.

వరిగడ్డి_వసంత
అవును గురూ గారూ, 80 డిగ్రీల నీళ్ళలో ముప్పావుగంట ఉంచా. బాబాయ్, మీరు చెప్పినట్టు రెండూ అదిమి కట్టేసా. విప్పేసినదాన్ని కొత్త కవర్లో ఎక్కించి మిగతావాటికి దూరంగా మెట్ల కింద పెట్టా. పారెయ్యడానికి మనసు రాలేదు. కానీ అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది.

మైక్రోస్కోప్_మాస్టారు
నేను చాలా ఏళ్ళు ఇంటర్, డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పాను, ఏయూలో చదువుకున్నవాణ్ణి. వసంతగారు అడిగిన ప్రశ్న మంచిది, కాస్త వివరంగానే చెప్తాను.

మీ బ్యాగులో తెల్లగా కనబడేదంతా దారాల అల్లిక. వీటినే శిలీంధ్ర తంతువులు, హైఫాలు అంటాం. ఒక్కో దారం మందం సాధారణంగా 2 నుంచి 10 మైక్రాన్లు. మన తలవెంట్రుక 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, పోల్చుకోండి. వెంట్రుక కుదురు దగ్గర పెరుగుతుంది, గోరు మొదట్లో పెరుగుతుంది. హైఫా అలాక్కాదు, కొన దగ్గర మాత్రమే పెరుగుతుంది. కొనకి కాస్త వెనక కణకవచం గట్టిపడిపోతుంది, ఇక సాగదు. మరి వెనక ఉన్నదంతా ఎందుకూ అంటే, సరుకు మొయ్యడానికి. కవచం కట్టడానికి కావలసిన కైటిన్ అల్లే ఎంజైములు చిన్న చిన్న తిత్తుల్లో నిండి, వెనకనుంచి కొనకి ప్రయాణం కడతాయి. కొన దగ్గర ఆ తిత్తులు ముద్దగా గుమిగూడతాయి. 1924లో బ్రున్స్‌విక్ ఆ ముద్దకి స్పిట్జెన్‌కోర్పర్ అని పేరు పెట్టాడు, జర్మన్ భాషలో కొన దగ్గరి వస్తువు అని. 1957లో గిర్బార్ట్ బతికున్న హైఫాల్ని మైక్రోస్కోపు కింద చూస్తూ ఒక సంగతి గమనించాడు. హైఫాని కదిలించి ఇబ్బంది పెడితే ఆ ముద్ద చెదిరిపోతుంది, పెరుగుదల ఆగిపోతుంది. కాసేపటికి ముద్ద మళ్ళీ కూడుతుంది, అప్పుడు పెరుగుదల మొదలవుతుంది. ముద్ద ఒక పక్కకి జరిగితే హైఫా ఆ పక్కకే తిరుగుతుంది.

మీ బ్యాగు కింద పడ్డప్పుడు తెగనివి కూడా చాలావరకు ఇలా కాసేపు నిలబడిపోయి ఉంటాయి.

ఇక తెగినవి. హైఫా లోపల ఒత్తిడి ఎక్కువ, గాలి కొట్టిన సైకిల్ ట్యూబులాగ. తెగిన చోట జీవపదార్థం బయటికి చిమ్ముతుంది. పొడుగ్గా ఒకే గొట్టమైతే మొత్తం ఖాళీ ఐపోవాలి. కానీ మధ్యలో అడ్డుగోడలు ఉంటాయి, ప్రతి గోడకీ నడిమధ్యన చిల్లు. మామూలప్పుడు ఆ చిల్లులోంచి సరుకు అటూ ఇటూ నడుస్తుంది. తెగితే మాత్రం దగ్గర్లో ఉన్న చిల్లు మూసుకుపోతుంది. తెగిన గది పోతుంది, వెనక గదులు బతుకుతాయి. ఆ తరవాత మూసుకున్న గోడ దగ్గరో, పక్కనుంచి కొమ్మలాగో కొత్త కొన పుడుతుంది. కొన్నిసార్లు ఆ కొత్త కొన చచ్చిన గది లోపలినుంచే, పాత గొట్టంలో కొత్త గొట్టంలా దూరి ముందుకు పోతుంది. స్లయిడు మీద అది మొదటిసారి చూసినప్పుడు కళ్ళు తిప్పుకోలేకపోయాను.

సీతమ్మధార_బీఎస్సీ
మాస్టారూ, ఆ చిల్లు మూసేవి వోరోనిన్ బాడీలే కదండీ? సెమిస్టర్‌లో వచ్చింది. మా ఫ్రెండ్స్‌కి కుర్సురా సబ్‌మెరైన్ గుర్తు చేసి చెప్పా. లోపల ఒక గదినుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులోంచి వంగి దూరాలి కదా. ఒక గదిలో నీళ్ళొస్తే ఆ తలుపు బిగించేస్తే మిగతా సబ్‌మెరైన్ బతుకుతుంది.

మైక్రోస్కోప్_మాస్టారు
పోలిక బావుంది, రెండు సవరణలు ఉన్నాయి. కుర్సురాలో తలుపు మనిషి మూయాలి. వోరోనిన్ బాడీని ఎవరూ మూయరు. జీవపదార్థం బయటికి ఉరికే ఊపుకి అదే కొట్టుకొచ్చి చిల్లుకి అడ్డంపడుతుంది, నీళ్ళు పోతున్న సింకు కన్నానికి పిల్లల బంతి వెళ్ళి అతుక్కున్నట్టు. పని సెకన్లలో ఐపోతుంది. 1864లో వోరోనిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త వాటిని చూసాడు. హెక్స్-1 అనే ప్రోటీను స్ఫటికంలా పేర్చుకుని అవి తయారవుతాయి. న్యూరోస్పోరా అనే బూజులో ఆ జన్యువు తీసేస్తే, తెగినప్పుడు ఆ బూజు తనలోని జీవపదార్థాన్ని ఆపుకోలేక కార్చేసుకుంటుంది.

రెండోది ముఖ్యం. వోరోనిన్ బాడీలు న్యూరోస్పోరా, పెన్సిలియం, ఆస్పర్‌జిల్లస్, ట్రైకోడెర్మా ఉన్న వర్గంలోనే. వసంతగారి ముత్యపుచిప్ప ఆ వర్గం కాదు, బెసిడియోమైసీట్ అనే వేరే వర్గం. దాని అడ్డుగోడ చిల్లు పీపా ఆకారంలో ఉంటుంది, దాన్నే డోలిపోర్ అంటాం. దానికి రెండు వైపులా బోర్లించిన మూకుళ్ళలాంటి మూతలు. మూసుకోవడం ఇక్కడా ఉంది, సామాన్లు వేరు. పరీక్షలో పుట్టగొడుగుకి వోరోనిన్ బాడీలని రాస్తే మార్కు పోతుంది.

సీతమ్మధార_బీఎస్సీ
రాసేసా మాస్టారూ 😟

ల్యాబ్_లక్ష్మి
అడ్డుగోడల మాట వచ్చింది కాబట్టి మా పనిలోది చెప్తా. నేను ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులు వరసపెట్టి వచ్చినప్పుడు ముక్కులోంచి తీసిన ముక్కలు రోజూ చూసేవాళ్ళం. ఆ మ్యూకర్ హైఫాలు వెడల్పుగా, రిబ్బను మడతపడ్డట్టు ఉంటాయి, అడ్డుగోడలు దాదాపు ఉండవు. కొమ్మలు నిటారుగా, 90 డిగ్రీల్లో చీలతాయి. ఆస్పర్‌జిల్లస్ అయితే సన్నగా, గోడలతో, 45 డిగ్రీల్లో చీలుతుంది.

మాకు మొదటి రోజే చెప్పిన మాట, మ్యూకర్ అనుమానం ఉన్న ముక్కని రోకట్లో వేసినట్టు నూరకూడదు, బ్లేడుతో చిన్నగా తరగాలి. నూరితే గోడలు లేని ఆ గొట్టాలు పగిలి ఖాళీ ఐపోతాయి, కల్చర్‌లో ఏమీ మొలవదు. మైక్రోస్కోపులో కళ్ళారా కనబడ్డ ఫంగస్ ప్లేటు మీద మొలవకపోవడానికి అదొక కారణం. గోడలున్న ఫంగస్‌కి ఆ బాధ అంత ఉండదు. వసంతగారూ, మీది గోడలున్న రకం, బతుకుతుంది.

వరిగడ్డి_వసంత
లక్ష్మిగారూ, ఈ ఒక్క ముక్కకే నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

పరవాడ_షిఫ్టు
నైట్ డ్యూటీలో చదువుతున్నా. ఫార్మా సిటీలో ఫెర్మెంటర్ సెక్షన్. మా ట్యాంకుల్లో బూజు పెంచి మందు తీస్తారు. అక్కడ రోజూ ఇదే తగువు. తిప్పే రెక్కలు నెమ్మదిగా తిరిగితే చిక్కటి గంజిలాంటి ద్రవంలో ఆక్సిజన్ అందదు. జోరుగా తిప్పితే హైఫాలు తెగుతాయి. కొంచెం తెగితే మంచిదే, కొత్త కొనలు పుడతాయి. మరీ తెగితే లోపలిది బయటికి కారి నురగ పొంగుతుంది, ద్రవం పలచబడిపోతుంది, బ్యాచ్ దిగుబడి పడిపోతుంది. కొత్తలో ఒకసారి స్పీడు పెంచి వదిలేసా, పొద్దున్న శాంపిల్ చూస్తే దారాలు లేవు, అన్నీ తుంపులే. సూపర్‌వైజర్ ఏమీ అన్లేదు, మైక్రోస్కోపు దగ్గరకి తీసుకెళ్ళి చూపించారు. ఆ రోజునుంచి హైఫాని ప్రాణమున్న దానిలాగే చూస్తున్నా.

గాజువాక_గురూ
అంటే తెగితే ఇంకా జోరుగా పెరుగుతుందనేగా మీరంతా అంటున్నది? అలాగైతే అందరం రోజూ బ్యాగులు నేలకేసి కొట్టుకోవచ్చు.

బీచ్‌రోడ్డు_బాబాయ్
జోరుగా అని ఎవరన్నారయ్యా. ముందు నిండుతుంది అన్నాను.

మైక్రోస్కోప్_మాస్టారు
ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. ఒక్కో కొన వేగం తెగినందువల్ల పెరగదు. న్యూరోస్పోరా లాంటి పరుగుల బూజు గంటకి 3-4 మిల్లీమీటర్లు పాకుతుంది, ముత్యపుచిప్ప అంతకంటే చాలా నెమ్మది. పెరిగేది వేగం కాదు, బయల్దేరే చోట్లు. బ్యాగులో నాలుగు వరసలు విత్తనం వేస్తే బూజు ఆ నాలుగు వరసలనుంచే పాకాలి. కుదిపితే తెల్లబడ్డ ప్రతి గడ్డిపరకా ఒక విత్తనమే, అన్ని పక్కలకీ ఒకేసారి బయల్దేరుతుంది. పాకాల్సిన దూరం తగ్గిపోయింది, అంతే కిటుకు.

దానికి ఖర్చు ఉంది. తెగిన గదుల్లోది పోయినట్టే. మూసుకోవడానికి, కొత్త కొన కట్టడానికి తిండి ఖర్చవుతుంది, ఒకటి రెండు రోజులు ముందుకి కదలదు. ఆ రెండు రోజుల్లోనే పక్కవాడు దూరిపోతాడు. అందుకని ఒక్కసారి, అదీ ఇంకా తెల్లబడని గడ్డి మిగిలుండగా ఐతేనే లాభం. మొత్తం నిండిన బ్యాగుని కొడితే నష్టం తప్ప ఏమీ లేదు, గురూగారూ.

ఇంకో మాట. తెగిన ముక్కలు పక్కపక్కన ఉంటే ఊరికే పెరగవు, వెతుక్కుని అతుక్కుంటాయి. రెండు కొనలు ఎదురెదురుగా వంగి తాకి, మధ్య గోడ కరిగి ఒకటైపోతాయి. ఒకే విత్తనం కాబట్టి పేచీ ఉండదు. వేరే జాతి బూజు ఎదురైతే కలవదు, అంచు దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతుంది. మీరు మొదట అడిగారే, తెగిన దారం మళ్ళీ అతుక్కుంటుందా అని, ఔను.

కొత్తవలస_జీడి
మేస్టారూ నాదొక డౌటు. మా జీడితోటలో మొక్కకి వ్యామ్ వేసాం, వేరుకి అంటుకుని ఉండే బూజు. ట్రాక్టరు దుక్కి ఏసినప్పుడల్లా ఆ దారాలు తెగిపోతాయి కదండి. ఏటి లాభం మరి?

మైక్రోస్కోప్_మాస్టారు
తెగుతాయి, నిజమే. కానీ ఆ జాతికి ఒక గొప్ప గుణం ఉంది. దాని హైఫాల్లో మామూలుగా అడ్డుగోడలుండవు, అయినా తెగినప్పుడు రెండు కొసలూ మూసుకుని, అటునుంచి ఇటునుంచి కొత్త కొనలు పుట్టి మధ్యలో కలిసి తిరిగి ఒకే దారమవుతాయి. గెర్డెమాన్ అనే ఆయన 1955లోనే అది రాసాడు. దగ్గరగా తెగితే కలుస్తుంది. రోటవేటర్‌తో పిండి చేసి పారేస్తే కలవలేదు. పాదు చుట్టూ దున్నడం తగ్గించండి, ఎండాకులు కప్పండి.

కొత్తవలస_జీడి
పాదులు వదిలేసి మద్దిన మాత్రమే దున్నుతాం ఇకనుంచి.

వరిగడ్డి_వసంత
మూడో రోజు. చిరగని రెండు బ్యాగుల్లో గడ్డిపరకల మీద పలచగా, మంచు పట్టినట్టు మొదలైంది. సాయంత్రానికి ఇంకా చిక్కబడింది. ముట్టుకుంటే బ్యాగులు కాస్త వెచ్చగా ఉన్నాయి, మంచిదేనా?

బీచ్‌రోడ్డు_బాబాయ్
ఊపిరి పీలుస్తోందమ్మా, అందుకే వెచ్చన. గుచ్చే థర్మామీటరు ఉంటే చూడు, లోపల 30 దాటకుండా చూసుకో. రెండిటినీ ఆనించి పెట్టకు, మధ్య జానెడు ఎడం ఉంచు.

వరిగడ్డి_వసంత
ఐదో రోజు. మెట్ల కింద పెట్టిన మూడో బ్యాగులో రూపాయి బిళ్ళంత చోట తెల్లగా మొదలై మధ్యలో లేత పచ్చ తిరిగింది. ఏం చెయ్యను?

గాజువాక_గురూ
చెప్పా కదా. స్పూనుతో అక్కడి వరకు గీకి తీసేసి, బావిస్టిన్ (బూజు చంపే మందు) నీళ్ళు చల్లండి. మిగతాది దక్కుతుంది.

వరిగడ్డి_వసంత
ఏడో రోజు. గురూగారు చెప్పినట్టు మొన్న గీకేసా, బావిస్టిన్ చల్లలేదు. ఇప్పుడు గీకిన అంచు చుట్టూ రింగులాగ చిక్కటి పచ్చ వచ్చేసింది. ముందుకంటే నాలుగింతలు.

మైక్రోస్కోప్_మాస్టారు
అయ్యో, రెండు రోజులు ఊళ్ళో లేను. ఆ పచ్చ బూజు ట్రైకోడెర్మా. దానికి గాయం తగిలితే మీ పుట్టగొడుగులా నెమ్మదిగా కొత్త కొన కట్టుకోవడంతో ఆగదు. తెగిన చోట కాల్షియం లోపలికి ఎగబాకుతుంది, ఆక్సిజన్‌నుంచి పుట్టే చురుకైన పదార్థాలు తయారవుతాయి, పగిలిన గదులనుంచి కారిన ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, పక్క గదులకి ప్రమాదఘంటికలా పనిచేస్తుంది. ఆ కబురు అందగానే గాయం అంచునున్న హైఫాలు సిద్ధబీజాలు, అంటే కొత్త బూజుగా మొలిచే విత్తుల్లాంటివి, కట్టేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో పచ్చ పొడి. ట్రైకోడెర్మా అట్రోవిరిడి మీద ఇదంతా బాగా పరిశోధించారు, ప్లేటు మీద బ్లేడుతో గీత గీస్తే గీత వెంటే పచ్చగా బీజాలు కడుతుంది. ఇల్లు కూలుతుంటే పిల్లల్ని బయటికి పంపేసినట్టు. మీరు గీకినప్పుడు దానికి అదే సంకేతం అందింది.

ఆ బ్యాగుని కదపకుండా, ఊదకుండా, పైనుంచి ఇంకో కవరు తొడిగి మూతి బిగించి బయటికి తీసుకెళ్ళి లోతుగా పాతిపెట్టండి. తరవాత బట్టలు మార్చుకుని షెడ్డులోకి వెళ్ళండి. బావిస్టిన్ మంచిదే, కానీ గడ్డి నానబెట్టేటప్పుడు. కోతకి దగ్గరగా ఉన్న బ్యాగు మీద చల్లితే మనం తినేదాంట్లోకి వస్తుంది.

గాజువాక_గురూ
వసంతగారూ, నా మాట విని నష్టపోయారు. నేను రెండేళ్ళు ఇలాగే గీకాను, ఎందుకు షెడ్డు షెడ్డంతా పచ్చబడిపోయిందో ఇవాళ అర్థమైంది. పెంపకమే మానేసా ఆ దెబ్బకి. మాస్టారూ, ఇదెవరైనా అప్పుడు చెప్పుంటే బావుండేది.

వరిగడ్డి_వసంత
మీరు మంచికే చెప్పారు గురూగారూ. మొదట మీరన్నట్టు ఆ ఒక్కటి పారేసి ఉంటే సరిపోయేది. పాతేసి వచ్చా, తలస్నానం కూడా చేసా.

అప్పుఘర్_అబ్బాయి
గురూగారూ, మళ్ళీ మొదలుపెట్టండి. షెడ్డు ఖాళీగానే ఉందా?

గాజువాక_గురూ
ఉంది. చూద్దాం.

వరిగడ్డి_వసంత
విత్తనం వేసిన 28వ రోజు. ముట్టుకోని తొమ్మిది బ్యాగులకీ గాట్లు పెట్టిన వారంలోపే మొగ్గలొచ్చాయి, తొలికోత ఒక్కోటి సుమారు 450 గ్రాములు ఇచ్చింది. దెబ్బ తిన్న రెండు బ్యాగులూ మూడు రోజులు ఆలస్యంగా, నిన్న కోసా. ఒకటి 420, ఇంకోటి 310. 310 వచ్చినదాన్ని దగ్గరగా చూస్తే, దిమ్మ విరిగిన చోట అతుకు గీత తెల్లగా, మందంగా, కుట్టు వేసినట్టు కనబడుతోంది. మొగ్గలు ఎక్కువ అక్కడినుంచే వచ్చాయి. సీతమ్మధార రైతుబజారుకి తీసుకెళ్తే గంటలో అయిపోయాయి.

ల్యాబ్_లక్ష్మి
ఆ కుట్టు దగ్గర చిన్న ముక్క ఉంచండి, మా ల్యాబ్‌కి దారిలోనే మీ ఇల్లు. స్లయిడు చేసి చూస్తా.

సీతమ్మధార_బీఎస్సీ
అక్కా నేనూ వస్తా. డోలిపోర్ కనిపిస్తుందా?

మైక్రోస్కోప్_మాస్టారు
దాని లోపలి కట్టడం చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. కానీ అడ్డుగోడల దగ్గర పక్కకి చిన్న మెలికలా ఉబ్బు కనిపిస్తుంది, క్లాంప్ అంటారు. ముత్యపుచిప్పకి అది ఆనవాలు. కాటన్ బ్లూ రంగు వేసి చూడండి, కనబడకపోతే నాకు ఫోటో పెట్టండి.

బీచ్‌రోడ్డు_బాబాయ్
వసంతా, స్లయిడు సంగతి తరవాత. కోతులు మళ్ళీ వస్తాయి. షేడ్‌నెట్‌కి బయటనుంచి అంగుళం కన్నాల ఇనప జాలి కొట్టించు. పూర్ణామార్కెట్లో అడుగు, చుట్టలెక్కన కొంటే తక్కువ పడుతుంది. ఆదివారం ఖాళీగా ఉంటా, మేకులు కొట్టడానికి నేనొస్తా.